గింజల పెంకుల పొగతో మాంసం వండే పద్ధతి

బాదం, వాల్‌నట్, పెకాన్, హేజెల్‌నట్ వంటి గింజలను పగలగొట్టి పప్పు తీసుకున్నాక మిగిలే పెంకులు చూడడానికి చెత్తలా కనిపించినా, నిప్పుల మీద పడితే చక్కని పరిమళమున్న పొగనిస్తాయి. బార్బెక్యూలో పొగ కోసం ప్రత్యేకంగా కట్టె ముక్కలు తెచ్చుకునేవారు ఈ పెంకులను ఒక డబ్బాలో దాచుకుంటూ పోతే, చాలాసార్లు ఆ కట్టె అవసరమే రాదు. అయితే కట్టెను వాడినట్టే పెంకులను వాడితే మాంసం మసిబారుతుంది, చేదెక్కుతుంది. పెంకు పలచనిది, బాగా ఎండినది, ఇట్టే అంటుకునేది. దాన్ని మంటకు వదిలిపెట్టకుండా, గాలి తక్కువగా అందేలా చేసి, నిదానంగా కుములుతూ ఉండేలా చూసుకోవడంలోనే ఈ పని నైపుణ్యమంతా ఉంది.

కాబట్టి మొదటే ఒక విషయం స్పష్టంగా అనుకోవాలి. మాంసాన్ని ఉడికించే వేడి బొగ్గుల నుంచో గ్యాస్ నుంచో రావాలి, పెంకుల నుంచి పొగను మాత్రమే తీసుకోవాలి. గుప్పెడు పెంకులు నేరుగా నిప్పుల మీద పోస్తే కొద్ది నిమిషాల్లో భగ్గున మండి బూడిదవుతాయి. గంటల తరబడి సాగే వంటకు అవి ఆధారం కాలేవు. కొబ్బరి చిప్పలు, మకడామియా పెంకులు ఇందుకు కొంత మినహాయింపే గాని, వాటిని సైతం పచ్చిగా కాకుండా బొగ్గు చేసి వాడుకున్నప్పుడే నిలకడైన వేడి దొరుకుతుంది.

పెంకులోంచి పొగ వచ్చే తీరు

కట్టెలో ఉండే సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్ అనే మూడు ముఖ్య పదార్థాలే పెంకులోనూ ఉంటాయి. తేడా అంతా వాటి పాళ్ళలో ఉంది. పెంకుకు రాయిలాంటి గట్టిదనాన్ని ఇచ్చేది లిగ్నిన్. అందువల్ల వాల్‌నట్, కొబ్బరి వంటి గట్టి పెంకుల్లో అది మామూలు కట్టెలో కంటే ఎక్కువ పాలు ఉంటుంది. వేడి తగిలినప్పుడు ముందుగా హెమిసెల్యులోజ్ సుమారు 200 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ మధ్య విచ్ఛిన్నమవుతుంది, ఆ తరువాత సెల్యులోజ్ వంతు వస్తుంది, లిగ్నిన్ మాత్రం ఇంకా పై ఉష్ణోగ్రతల దాకా మెల్లమెల్లగా విడిపోతూనే ఉంటుంది. మొదటి రెండింటి నుంచి వెలువడే ఆమ్లాలు మాంసానికి కొద్దిపాటి పులుపునిస్తే, వాటితోపాటు వచ్చే కార్బొనిల్ సమ్మేళనాలు మాంసం పైపొరలోని ప్రొటీన్లతో కలిసి ఎరుపు కలిసిన గోధుమ రంగును తెస్తాయి. లిగ్నిన్ నుంచి గ్వయకోల్, సిరింగోల్ అనే ఫినాల్ జాతి పదార్థాలు పుడతాయి. నాలుకకు తెలిసే పొగ రుచి చాలామటుకు గ్వయకోల్‌ది, ముక్కుకు తెలిసే పొగ వాసన చాలామటుకు సిరింగోల్‌ది.

పెంకు సుమారు 300 నుంచి 400 డిగ్రీల మధ్య కుములుతున్నప్పుడు ఈ మేలైన పదార్థాలు బాగా వెలువడతాయి. మంట లేచిందంటే అవన్నీ మంటలోనే కాలిపోయి పరిమళం పోతుంది, పైగా వేడి పెరిగేకొద్దీ బెంజోపైరీన్ వంటి క్యాన్సర్ కారకాలు ఎక్కువగా తయారవుతాయి. ఐరోపా సమాఖ్య 2014 సెప్టెంబరు నుంచి పొగబెట్టిన మాంసంలో ఈ బెంజోపైరీన్‌కు కిలోకు 2 మైక్రోగ్రాముల పరిమితి విధించిందంటే, దాన్ని ఎంత తీవ్రంగా తీసుకోవాలో అర్థమవుతుంది. మంటను అణచడానికి గాలిని పూర్తిగా బిగించినా ప్రమాదమే. అప్పుడు పెంకు ఊపిరాడక దట్టమైన తెల్లపొగను, తారు తుంపరలను వదులుతుంది. అవి మాంసం మీద పేరుకుంటే నాలుక మొద్దుబారేంత చేదు వస్తుంది. మంటకూ ఉక్కిరిబిక్కిరికీ మధ్య ఉన్న ఆ సన్నని దారిలో నిప్పును నడిపించాలి.

ఏ పెంకులు వాడాలి

పొగకు అన్నిటికంటే మంచి పెంకు ఏదని అడిగితే నేను పెకాన్ పేరే చెబుతాను. పెకాన్ చెట్టు, బార్బెక్యూలో ఎంతో పేరున్న హికరీ చెట్టు ఒకే ప్రజాతికి చెందినవి. దాని పెంకు పొగలో తియ్యదనం, కమ్మదనం కలిసి ఉంటాయి, పంది మాంసానికీ కోడికీ ఒకే తీరున నప్పుతుంది. పెంకు లోపల పప్పును రెండుగా విడదీసే గోధుమరంగు పొర మాత్రం వగరు, చేదు. దాన్ని వీలైనంత దులిపివేయాలి.

బాదం పెంకు పొగ మృదువుగా ఉంటుంది. చేపకు, కోడి రొమ్ము మాంసానికి అది చాలు. హేజెల్‌నట్ పెంకు కూడా దాదాపు అలాంటిదే, కాకపోతే మరికొంత గట్టిది కాబట్టి కొంచెం ఎక్కువసేపు కుములుతుంది. వాల్‌నట్ పెంకు పొగ ఘాటైనది. గొడ్డు మాంసం, వేట మాంసం వంటి ముదురు రుచుల ముందు అది నిలబడుతుందే గాని, ఒంటరిగా వాడితే త్వరగా చేదు వైపు తిరుగుతుంది. ఒక పాలు వాల్‌నట్‌కు రెండు పాళ్ళు బాదం గాని పెకాన్ గాని కలపడం నాకు సరిపోయిన లెక్క. వాల్‌నట్ కాయ మీది పచ్చని కండ తొక్కను మాత్రం ఎండబెట్టి కూడా వాడకూడదు, పొగకు పనికివచ్చేది లోపలి గట్టి పెంకు ఒక్కటే.

వేరుశెనగ నిజానికి చిక్కుడు జాతి మొక్క కాయ. దాని తొక్కలు తేలికగా, లోపలంతా గాలితో ఉంటాయి కాబట్టి అన్నిటికంటే త్వరగా మంటెత్తుతాయి. నేను మొదటిసారి వాటిని నలపకుండా, ఉన్నవి ఉన్నట్టుగా నిప్పుల మీద పోసినప్పుడు ఒక్కసారిగా లేచిన మంటకు కోడి చర్మమంతా నల్లబడి, ఆ పూట మాంసం తినడానికి పనికిరాకుండా పోయింది. చేతితో బాగా నలిపి, కాస్త తడిపి, పొట్లం కట్టి వాడితే అవే తొక్కలు చేపకు లేత పొగను ఇస్తాయి. నేలలో కాసే కాయ కాబట్టి మట్టి రేణువులు పోయేలా ముందుగా కడిగి ఎండబెట్టుకోవాలి.

పిస్తా పెంకులు గట్టివి, బాగానే కుములుతాయి. కాని మనకు దొరికే పిస్తాలో ఎక్కువ భాగం ఉప్పు పట్టించి వేయించినదే. ఉప్పు, మసాలా, రంగు అంటిన పెంకులను ఏ రకానివైనా పక్కన పెట్టడమే మేలు. ఉప్పు గ్రిల్ ఇనుమును తినేస్తుంది, పూతలు కాలితే వచ్చే పొగ తిండికి పట్టించదగినది కాదు. కొబ్బరి చిప్పకు అంటిన పీచు మసి పొగనిస్తుంది కాబట్టి దాన్ని పూర్తిగా గీకివేయాలి. నా దృష్టిలో కొబ్బరి చిప్ప విలువ దాని బొగ్గులోనే ఉంది. అది చాలాసేపు, సమంగా, తక్కువ బూడిదతో కాలుతుంది. దాన్ని కింద వేడికి వాడుకుని, పైన పొగకు బాదమో పెకానో వేసుకుంటే రెండు పనులూ పెంకులతోనే జరిగిపోతాయి.

ఎన్నడూ వాడకూడనివి

జీడిపప్పు పెంకును ఎట్టి పరిస్థితిలోనూ నిప్పుల్లో వేయకూడదు. ఆ పెంకు పొరల మధ్య ఉండే జీడి నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ వంటి పదార్థాలుంటాయి, అవి చర్మానికి తగిలితేనే బొబ్బలెక్కుతాయి. కాల్చినప్పుడు వాటి ఆవిరి పొగతోపాటు కళ్ళకూ ఊపిరితిత్తులకూ చేరి తీవ్రమైన మంట పుట్టిస్తుంది. గింజలన్నీ ఒకటే కదా అని ఏ పెంకు పడితే ఆ పెంకు కలిపి దాచుకునే అలవాటు ఉన్నవారు ఈ ఒక్క విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి.

బూజు పట్టిన పెంకులు కూడా అంతే. వేరుశెనగ మీద, చెట్టు గింజల మీద పెరిగే కొన్ని రకాల బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది, మామూలు వంట వేడికి అది నశించదు. పెంకు మీద ఆకుపచ్చని, నల్లని మచ్చలున్నా, ముక్కవాసన వచ్చినా మొత్తం పారవేయాలి, ఏరుకుని వాడుకునే ప్రయత్నం చేయకూడదు. లోహాలను రుద్ది శుభ్రం చేయడానికి అమ్మే వాల్‌నట్ పెంకు రవ్వ తిండి కోసం తయారైన సరుకు కాదు కాబట్టి దాన్నీ వాడరాదు.

విందుకు వచ్చేవారిలో ఎవరికైనా గింజల అలర్జీ ఉందేమో ముందే అడగాలి. అలర్జీ కలిగించే ప్రొటీన్లు పప్పులోనే ఉన్నా, పెంకులకు పప్పు తునకలు, పొడి అంటుకుని ఉంటాయి, వాటిని ముట్టుకున్న చేతులతోనే మాంసాన్నీ ముట్టుకుంటాము. ఒక్కరికి అలర్జీ ఉన్నా ఆ రోజుకు పెంకులు మానేసి కట్టె ముక్కలు వాడుకోవాలి. అప్పటిదాకా పెంకులు వాడిన గ్రిల్‌ను కూడా ముందుగా బాగా కడగాలి.

పెంకులను సిద్ధం చేసుకోవడం

పప్పు తునకలు మిగిలి ఉంటే వాటిలోని నూనె కాలి నల్లని, జిడ్డు పొగ వస్తుంది. అందుకని పెంకులను జల్లెడలో వేసి దులపాలి, అంటుకుపోయిన తునకలను కత్తి మొనతో తీసివేయాలి. తరువాత ఎండలో గాని, 100 డిగ్రీల ఓవెన్‌లో దాదాపు గంటసేపు గాని ఆరబెట్టాలి. విరిస్తే పెళుక్కున విరగడమే ఎండిందనడానికి గుర్తు. ఆరిన పెంకులను పూర్తిగా చల్లారాక మూత బిగువుగా ఉన్న డబ్బాలో పెడితే నెలల తరబడి ఉంటాయి. రకానికో డబ్బా ఉంటే పాళ్ళు కలుపుకోవడం సులువు.

వాల్‌నట్, కొబ్బరి వంటి వాటిని గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టి బొటనవేలి గోరంత ముక్కలు చేయాలి. ఇలా చేస్తే ముక్కలు ఒకదానిమీద ఒకటి ఒత్తుగా పేరుకుని, వాటి మధ్య గాలి తగ్గుతుంది. గిన్నెల్లా నిలబడే అరచిప్పలు తమ డొల్లలో గాలిని దాచుకుని మంటకు దారిస్తాయి. అయితే పొడి మాత్రం చేయకూడదు. పొడి ఒకచోట గడ్డకట్టి ఆరిపోతుంది, కదిలిస్తే రేగి అంటుకుంటుంది.

నానబెట్టాలా వద్దా అన్నది అందరూ వాదించుకునే విషయం. గట్టి పెంకు లోపలికి అరగంటలో చేరే నీరు చాలా తక్కువ. ఆ తడి 100 డిగ్రీల దగ్గర ఆవిరై పోయేదాకా పొగ మొదలుకాదు. ఈలోగా బొగ్గుల వేడి కూడా వృథాగా ఖర్చవుతుంది. కాబట్టి వాల్‌నట్, పెకాన్, పిస్తా పెంకులను నేను పొడిగానే వాడతాను, మంటను గాలితోనే అదుపు చేస్తాను. పలచనైన బాదం, వేరుశెనగ తొక్కల విషయంలో మాత్రం నీళ్ళు చిలకరించి పది నిమిషాలు మూతపెట్టి ఉంచడం వల్ల ఉపయోగం ఉంది. అడుగున పొడి తొక్కలు, పైన తడి తొక్కలు పరిస్తే కిందివి కుములుతుండగా పైవి ఆరుతూ వాటి వంతుకు సిద్ధమవుతాయి, పొగ మధ్యలో తెగకుండా సాగుతుంది.

నిప్పు, పొట్లం, గాలి

మూత ఉన్న బొగ్గుల గ్రిల్‌ను ఉదాహరణగా తీసుకుందాము. బొగ్గులు రాజుకుని పైన బూడిదరంగు నివురు కప్పేదాకా, అంటే సుమారు 20 నుంచి 30 నిమిషాల దాకా ఆగాలి. ఆ నిప్పులన్నీ ఒక పక్కకు నెట్టి, రెండో పక్కన వెడల్పైన లోహపు పళ్ళెంలో నీళ్ళు పోసి పెట్టాలి. మాంసం ఆ నీళ్ళ పళ్ళెం పైన ఉండాలి గాని నిప్పుల పైన ఉండకూడదు. కొవ్వు నిప్పుల మీద కారితే లేచే పొగ మనం కోరుకునే పొగ కాదు, అందులోనూ ఇందాక చెప్పిన హానికర పదార్థాలుంటాయి. మూతలోని గాలి రంధ్రం మాంసం ఉన్న పక్కకు వచ్చేలా తిప్పితే పొగ నిప్పుల నుంచి బయలుదేరి మాంసాన్ని తాకుతూ బయటికి పోతుంది. మూత రంధ్రాన్ని ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంచి, వేడిని అడుగు రంధ్రంతోనే తగ్గించాలి, పెంచాలి. మాంసం పక్కన వేడి 110 నుంచి 130 డిగ్రీల మధ్య నిలబడ్డాక పెంకుల పని మొదలుపెట్టాలి.

పెంకులకు అల్యూమినియం ఫాయిల్ పొట్లం చాలా అనువైనది. రెండు మడతల ఫాయిల్‌లో రెండు గుప్పిళ్ళ పెంకులు పోసి, పలచగా, చదునుగా మడిచి, పైభాగంలో పెన్సిల్ మొనతో ఐదారు చిల్లులు పొడవాలి. అడుగున చిల్లు ఉండకూడదు. పొట్లాన్ని నిప్పుల అంచున పెడితే లోపలికి గాలి చాలినంత అందక పెంకులు మంటెత్తకుండా కుములుతాయి. పది నిమిషాల్లోపే పొగ మొదలై దాదాపు అరగంట సాగుతుంది. చిల్లుల్లోంచి మంట నాలుకలు కనిపిస్తే చిల్లులు ఎక్కువయ్యాయన్న మాట, రెండింటిని మూసివేయాలి. పొగ సరిగా రాకపోతే పొట్లాన్ని నిప్పుల మధ్యకు జరపాలి. తరచుగా చేసేవారు పోత ఇనుముతో చేసిన చిన్న మూతపెట్టెను కొనుక్కుంటే ఫాయిల్ ఖర్చు ఉండదు. జింకు పూత ఉన్న డబ్బాలను మాత్రం నిప్పుల్లో పెట్టకూడదు, ఆ పూత కాలితే వచ్చే ఆవిరి విషం.

గ్యాస్ గ్రిల్‌లో అదే పొట్లాన్ని ఒక పక్క బర్నర్ మీద నేరుగా పెట్టి, పొగ వచ్చేదాకా పెద్ద మంట మీద ఉంచి, తరువాత సన్నగా తగ్గించాలి. మాంసం ఉన్న పక్క బర్నర్‌ను ఆపివేయాలి. ఆరేడు గంటలు పట్టే పెద్ద మాంసపు ముక్కలకైతే ఒకటి రెండు కట్టె మొద్దులను నిప్పుల్లో ఉంచి, వాటికి తోడుగా పెంకుల పొట్లాలు మార్చుతూ పోవాలి. కట్టె నిలకడనిస్తుంది, పెంకు పరిమళాన్నిస్తుంది.

పొగను కంటితో చదవడం అలవాటు చేసుకోవాలి. సన్నగా, నీలిఛాయతో, కనిపించీ కనిపించనట్టుగా పోయే పొగ మంచిది. అందులోని కణాలు చాలా చిన్నవి కావడం వల్ల నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి, అందుకే ఆ రంగు. ముద్దలు ముద్దలుగా తెల్లగా వస్తుంటే కణాలు పెద్దవి, నిప్పుకు గాలి చాలడం లేదు. అడుగు రంధ్రాన్ని కొంచెం తెరవాలి. పొట్లం పెట్టిన తొలి నిమిషాల్లో తెల్లపొగ రావడం సహజం, దానికి కంగారుపడనక్కరలేదు. నల్లపొగ వస్తే ఎక్కడో నూనో కొవ్వో మండుతోందని అర్థం, మాంసాన్ని పక్కకు తీసి కారణం చూడాలి. మంట లేచినప్పుడు నీళ్ళు కుమ్మరిస్తే బూడిద ఎగిరి మాంసానికి పడుతుంది, మూత వేసి అడుగు రంధ్రం తగ్గించడమే సరైన పని.

మాంసం సంగతి

పొగ చల్లని, కాస్త చెమ్మగా ఉన్న పైపొర మీద బాగా పడుతుంది. మాంసానికి కనీసం కొన్ని గంటల ముందు ఉప్పు పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచితే పైన నీరు ఆరి, ముట్టుకుంటే వేలికి అంటుకునేలాంటి పొర ఏర్పడుతుంది. ఆ చల్లదనంతోనే దాన్ని గ్రిల్ మీదికి ఎక్కించాలి. మొదటి గంట, రెండు గంటలే పొగకు అసలైన సమయం. పైన గట్టి పొర కట్టిన తరువాత పొగ వేస్తూ పోతే కొత్త రుచి పెద్దగా చేరదు, చేదు మాత్రం చేరుతుంది. అందుకే కోడి ముక్కలకు ఒక పొట్లం, మొత్తం కోడికి రెండు, పంది భుజం వంటి పెద్ద ముక్కకు మూడు నాలుగు పొట్లాలకు మించి నేను వాడను. పెంకు పొగ ఎక్కువైతే తగ్గించే మార్గం లేదు, తక్కువైతే మరోసారి ఇంకో గుప్పెడు వేసుకోవచ్చు.

ఉడికిందో లేదో రంగును బట్టి నిర్ణయించకూడదు. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ మాంసంలోని మయోగ్లోబిన్ అనే ఎర్రని ప్రొటీన్‌తో కలిసి పైపొర కింద గులాబీ రంగు వలయాన్ని ఏర్పరుస్తాయి. పూర్తిగా ఉడికిన మాంసంలో కూడా ఆ రంగు పోదు. థర్మామీటర్ మొనను ఎముకకు తగలకుండా ముక్క మధ్యలోకి గుచ్చి చూడాలి. కోడి లోపల 74 డిగ్రీలు, ఖీమాతో చేసినవి 71 డిగ్రీలు, పెద్ద జంతువుల మాంసపు ముక్కలు కనీసం 63 డిగ్రీలు చేరి దించాక మూడు నిమిషాలు ఆగాలి. పీచులు పీచులుగా విడిపోవాలంటే పంది భుజం 90 డిగ్రీలు దాటాలి. ఆ దారిలో 65, 70 డిగ్రీల దగ్గర వేడి గంటల తరబడి కదలకుండా నిలిచిపోవడం చూసి కొత్తవారు నిప్పులు పెంచేస్తారు. మాంసం పైన తేమ ఆవిరవుతూ దాన్ని చల్లబరచడమే అందుకు కారణం, ఓపిక పడితే అదే ముందుకు సాగుతుంది. 4 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య మాంసం ఎక్కువసేపు ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి కనుక, వంట ఎంత నిదానమైనా నాలుగు గంటల లోపల అది 60 డిగ్రీలు దాటేలా చూసుకోవాలి.

ఇంత చేసినా ఎప్పుడైనా చేదు పట్టిందంటే కడగడం వల్ల పోదు. పైపొరను పలచగా కోసి తీసివేస్తే లోపలి మాంసం చాలావరకు బాగానే ఉంటుంది.

ఈ పనంతా ఆరుబయటే జరగాలి. కుములుతున్న పెంకుల నుంచి, బొగ్గుల నుంచి వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది కాబట్టి గ్యారేజీలో, మూసిన వరండాలో, కిటికీలు తెరిచిన గదిలో కూడా గ్రిల్ వెలిగించకూడదు. వంట ముగిశాక రెండు రంధ్రాలూ మూసి నిప్పును ఆర్పాలి. పొట్లంలోని పెంకులు పైకి చల్లగా కనిపించినా మధ్యలో నిప్పు దాగి ఉంటుంది. ఒక రాత్రి గడిచాకే దాన్ని విప్పి, మూత ఉన్న లోహపు బకెట్‌లో పోయాలి. అందులో సగం కాలి నల్లబడిన ముక్కలు కనిపిస్తే వాటిని ఏరి పెట్టుకోవచ్చు. వాటిలో పొగ మిగలకపోయినా బొగ్గుగా మారి ఉంటాయి, వచ్చేసారి నిప్పు రాజేయడానికి పనికివస్తాయి.